అల్లుడుగారి మొదటి సబ్బు

ఒక ఇరుకు స్నానాలగది, ఒక మగ్గు, ఇద్దరు మగవాళ్లు. ఒకాయన మామగారు, రెండోవాడు అల్లుడు. బయట నిలబడి వినేవాళ్లకు నవ్వొచ్చే సంగతే. లోపల నిలబడ్డవాడికి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

అల్లుడు లారీ మెకానిక్. షెడ్డులో గేరుబాక్సు దించుతుంటే జాకీ జారింది. మనిషి బతికి బయటపడ్డాడు గానీ రెండు మణికట్లూ నలిగిపోయాయి. ఆస్పత్రివాళ్లు రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు వేసి ఇంటికి పంపారు. అడిగినవాడికి లేదనకుండా ఇచ్చే గుణం వల్ల షెడ్డులో అందరూ అతన్ని చేతికి ఎముక లేని మనిషి అనేవారు. ఎముకలున్నాయని ఎక్స్‌రేలో తేలింది, కాకపోతే ముక్కలుగా తేలింది.

భార్యది బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పని. పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. మొగుడు మంచం మీద, పని ఊళ్లో ఆ చివర. ఏం చేయాలో తోచక తండ్రికి ఫోన్ చేసింది. ఆయన ఒక చేతిసంచితో దిగి, "నాలుగు రోజులు చూసి వెళ్తానండీ అల్లుడుగారూ" అన్నాడు. ఆ నాలుగు రోజులు సాగి సాగి నెలల్లో పడ్డాయి.

మామగారు జీవితమంతా సెలూన్ నడిపిన మనిషి. చూపు మందగించాక, ఒకరి గొంతు మీద కత్తి పెట్టే పనికి ఈ కళ్లు చాలవని తనంతట తానే షాపు మూసేశాడు. భార్య పోయి చాలాకాలమైంది. ఉన్నది ఇద్దరు కూతుళ్లు. పెద్దల్లుడైన ఈ మెకానిక్‌ను పెళ్లినాటి నుంచి 'గారు' తగిలించకుండా పిలిచింది లేదు. అల్లుడి ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నదీ లేదు. అలాంటాయన మొదటిరోజు పొద్దున్నే పంచె పైకి ఎగ్గట్టి, ప్లాస్టిక్ కవర్లు రెండు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కట్లు తడవకుండా ఇవి కడదామండీ. నీళ్లు కాగాయి."

"వద్దులెండి మావయ్యా. రేపు చేస్తా."

"రేపు మీకు చేతులొస్తాయాండీ?"

 మెకానిక్‌కు పట్టుదల ఎక్కువ. రెండు రోజులు అలాగే నెట్టుకొచ్చాడు. మూడోరోజు భార్య మొహం మీదే చెప్పేసింది, "మీ పక్కన పడుకోవడం కంటే షెడ్డులో పడుకోవడం నయం" అని. దాంతో లేచాడు.

స్నానాలగదిలో స్టూలు మీద కూర్చుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోయింది. మామగారికి ఆ సంగతి తెలియకపోలేదు.

"నేను గోడకేసి చూస్తున్నా లెండి. చెయ్యెత్తండి అల్లుడుగారూ. ఆ, ఇంకాస్త. వేడి సరిపోయిందాండీ?"

సెలూన్లో కుర్చీలో కూర్చున్నవాణ్ణి అడిగినట్టే అడిగాడు. నిజంగానే ఆయన అక్కడ సెలూనే పెట్టాడు. నీళ్లు పోస్తూ బజారు కబుర్లు చెప్పాడు. ఎవరి బట్టతలకు ఏ నూనె వాడి ఏమైందో, పెళ్లిరోజున మీసం ఒకవైపు పొట్టిదైన పెళ్లికొడుకు ఎలా గగ్గోలు పెట్టాడో. ఒళ్లు తుడిచి, సేఫ్టీ రేజరుతో గడ్డం గీసి, తల దువ్వి, చివర్లో చేతి అద్దం ముందోసారి, వెనకోసారి చూపించాడు. వెనక భాగం చూసుకోవడానికి మెడ తిప్పిన మెకానిక్‌కు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. గేరుబాక్సు పడ్డాక అదే మొదటి నవ్వు.

అప్పటి నుంచి రోజూ అదే వరస. స్నానం, గడ్డం, నోట్లో ముద్ద పెట్టడం, బొత్తాలు పెట్టడం, చెప్పకూడని పనులు కూడా. పైన ఇంటి పని. అంట్లు, బట్టలు, నేల తుడుపు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కూతురు గిన్నె ముట్టుకోబోతే, "నువ్వు పొద్దున్నుంచి మిషను తొక్కి వచ్చావు, కూర్చో అమ్మడూ" అనేవాడు.

థ్యాంక్స్ అనే మాట ఆయనకు చెప్పడానికి వీలుండేది కాదు. ఒకసారి మెకానిక్ గొంతు సవరించుకుని మొదలుపెడితే, "అవన్నీ బయటివాళ్లకండీ" అని తువ్వాలు దులిపాడు. భార్య చేత కొత్త చొక్కా తెప్పించి ఇస్తే మడత విప్పకుండా సంచి అడుగున దాచాడు. ఋణం తీర్చుకోనివ్వని మనిషితో చాలా కష్టం. ఆయన ముందు ప్రతిరోజూ చేతులు కట్టుకునే కూర్చోవాలి, కట్లున్నా లేకపోయినా.

కట్లు విప్పారు. లోపల నుంచి వచ్చిన చేతులు తనవిగా అనిపించలేదు. సన్నగా, తెల్లగా, పిడికిలి బిగుసుకోకుండా. చెంచా పట్టుకుంటే జారిపోయేది. వేళ్లకు పని చెప్పాలి, తిప్పాలి, పిసకాలి, లేకపోతే ఇలాగే బిగుసుకుపోతాయన్నారు ఆస్పత్రిలో. షెడ్డు యజమాని చూడ్డానికొచ్చి, "నట్టు బిగించగలిగిన రోజు వచ్చేయ్, నీ చోటు నీదే" అని భుజం తట్టి వెళ్లాడు. మంచి మాటే. కానీ ఆ రాత్రి మెకానిక్ దుప్పటి కింద పిడికిలి బిగించి చూసుకుంటూనే ఉన్నాడు.

మామగారి చేతులు అతని కంటపడింది ఆ రోజుల్లోనే. తన చేతుల కట్లు విప్పేదాకా ఎదుటివాడి చేతులు ఎవరు చూస్తారు? ఆయన మంచినీళ్ల గ్లాసు అందిస్తుంటే గ్లాసుకు ఎర్రటి మరక అంటింది. చూస్తే వేళ్ల కొసలన్నీ పగుళ్లు. రెండు వేళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. ఇద్దరు మనుషుల స్నానాలు, ముగ్గురి బట్టలు, పూటపూటా అంట్లు. ఎన్నో మొహాల మీద గాటు పడకుండా కత్తి నడిపిన వేళ్లు, ఇక్కడ సబ్బునీళ్లకు చిట్లిపోయాయి.

"ఇదేంటి మావయ్యా!"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? నీళ్లు తాగండి."

భార్య ఆయింట్‌మెంటు తెచ్చింది. జిడ్డుకు గ్లాసు జారిపోతోందని ఆయన రాసుకోలేదు. పని మానమంటే మానే రకం కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. చిన్నకూతురికి మరో రెండు నెలల్లో నెలలు నిండుతాయి. పురుటికి సాయంగా ఆయన అక్కడికి వెళ్లాలి. అంటే మళ్లీ గుడ్డలు ఉతకడం, మళ్లీ నీళ్లలో చేతులు. ఆ పగిలిన చేతులతో ఆయన్ని గడప దాటనిస్తే తాను మనిషినే కాదనిపించింది మెకానిక్‌కు.

పై వాటాలో ఒకావిడ ఉంది. ఇంట్లోనే సబ్బులు చేసి సంతల్లో, ప్రదర్శనల్లో అమ్ముతుంది. మెట్లెక్కేవాళ్లకు ఆమె తలుపు కంటే ముందు వాసన ఎదురొస్తుంది. అందరికీ సబ్బులక్క. మెకానిక్ ఆమె దగ్గరికెళ్లి మామగారి చేతుల సంగతి చెప్పాడు.

"బట్టలసబ్బుతోనే ఒళ్లూ ఇళ్లూ అన్నీ తోమితే పగలవా మరి? నూనె కాస్త మిగిలి ఉండేలా చేసిన సబ్బైతే చర్మాన్ని పీల్చేయదు. ఓ నాలుగు ముక్కలిస్తా, పట్టుకెళ్లు తమ్ముడూ."

"ఇవ్వొద్దక్కా. నేర్పించు. నేనే చేస్తా."

ఆమె అతని చేతులకేసి చూసింది. వద్దనబోయి ఆగింది. ఆ చూపు మెకానిక్‌కు తెలుసు. విరిగిన పానాను చూసే చూపు.

"మామూలు వంట కాదు ఇది. కాస్టిక్ సోడా ఒంటి మీద పడితే తోలు ఊడొస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తావా?"

"చేస్తా."

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, సబ్బులక్క ఎవరికీ లోకువయ్యే మనిషి కాదు. గుమ్మంలోనే నిలబెట్టి పాఠం అప్పచెప్పించుకుంది. ముందు నీళ్లు, ఆ తర్వాతే వాటిలోకి కాస్టిక్, కొంచెం కొంచెంగా. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే పొంగి మొహం మీదికొస్తుంది. స్టీలు గిన్నే వాడాలి, అల్యూమినియాన్ని తినేస్తుంది. కిటికీ తెరిచి ఉండాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు. కలిపిన నీళ్లు పొయ్యి ముట్టించకుండానే కుతకుతలాడతాయి, చల్లారేదాకా ఆగాలి. నూనె కూడా గోరువెచ్చగా ఉండాలి. రెండూ కలిపాక ఒకటే తిప్పుడు. గరిటెతో పైన గీత గీస్తే ఆ గీత మునిగిపోకుండా నిలబడాలి. అప్పుడు అచ్చులో పోసి దుప్పటి కప్పాలి. మర్నాడు ముక్కలు కోసి, గాలి తగిలేచోట నెల పైచిలుకు ఆరబెట్టాలి.

"చివరగా, వాడేముందు తడివేలితో సబ్బు రుద్ది నాలుకకు తాకించు. చురుక్కుమంటే వాడకూడదు. ఇది మర్చిపోకు."

కాస్టిక్‌ను తన బుల్లి త్రాసులో తూచి డబ్బాలో మూతపెట్టి ఇచ్చింది. ఆ త్రాసుకు పెద్ద బరువులు ఆగవు. "దీనికి సరిగ్గా కిలో నూనె. కొబ్బరినూనె సగం, మామూలు వంటనూనె సగం. అది మీ ఇంట్లో చూసుకో" అని చెప్పి, తన సబ్బులు సర్దుకుని పక్కూరి ప్రదర్శనకు వెళ్లిపోయింది.

ఆదివారం భార్య ఇంట్లో ఉన్న రోజు ముహూర్తం పెట్టుకున్నాడు. కళ్లకు షెడ్డులో గ్రైండింగుకు పెట్టుకునే అద్దాలు. చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. ఆ వేషం చూసి భార్య, "సబ్బు చేస్తారా, బ్యాంకు గోడకు కన్నం వేస్తారా?" అంది. మామగారు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దగ్గరికి రావద్దని అల్లుడి ఆర్డరు.

నూనె కొలవడానికి మెకానిక్ తన పెట్టెలోంచి కొత్త కొలతడబ్బా తీశాడు. లోపల గీతలున్న స్టీలు డబ్బా. షెడ్డులో వాడదామని కొని, ముచ్చటపడి దాచుకున్నది. డబ్బా మీదికి వంగి, గీత మీద నూనె గీత సరిగ్గా నిలిచేదాకా చుక్కచుక్కగా పోశాడు. ఇంజన్‌లో ఆయిలు పోసేటప్పుడు షెడ్డులో అతనంత కచ్చితంగా పోసేవాడు లేడు. ఆ గీత లీటరు గీత. నూనె అన్నాక లీటరే. అతని బతుకంతా నూనె లీటర్లలోనే వచ్చింది, లీటర్లలోనే పోయింది. కిలో అనే మాట చెవిన పడి, చేతిలోకొచ్చేసరికి లీటరైపోయింది.

కాస్టిక్ నీళ్లు పొగలు కక్కాయి, చల్లారాయి. రెండూ కలిపి గరిటె పట్టుకున్నాడు. తొడుగు లోపల వేళ్లు వణికాయి. కాసేపటికే మణికట్టులో సూదులు గుచ్చినట్టయింది. భార్య చేయి చాపింది.

"ఇటివ్వండి, కాసేపు నేను తిప్పుతా."

"వద్దు."

"పంతాలకు పోయే వయసా ఇది? మొన్నే కట్లు విప్పారు."

"ఇది నేనే చెయ్యాలి" అన్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషితో ఎవరు వాదిస్తారు? ఆమె వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.  మామగారి కళ్లు అల్లుడి మణికట్టు మీదే ఉన్నాయి.

కుడిచేయి అలిసిపోతే ఎడమచేయి, అదీ అలిసిపోతే రెండూ. నూనె నూనెలాగే ఉంది, తెల్లబడింది, పాలలా అయింది, అలాగే ఉండిపోయింది. చెమట కళ్లద్దాల్లోకి కారింది. ఇంక చేతులెత్తేద్దామనుకునే సమయానికి గరిటె కాస్త బరువెక్కింది. పైకి తీసి గీత గీశాడు. గీత మునగలేదు.

"మావయ్యా, గీత!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు.

మామగారు లేచొచ్చి వంగి చూశాడు. "గీతేనండీ" అన్నాడు. 

సబ్బుముక్కలు బీరువా మీద, కిటికీ గాలి తగిలేచోట ఆరాయి. రోజూ పొద్దున లేచి ఒక్కో ముక్కనూ తిరగేసేవాడు. కోడి గుడ్లను పొదిగినట్టుందని భార్య వేళాకోళం. ఆ ముక్కల్ని పట్టి తిప్పడమే వేళ్లకు సాధన అయింది. మొదట్లో రెండు చేతులా పట్టేవాడు, తర్వాత ఒక చేత్తో, ఆ తర్వాత రెండు వేళ్లతో. ఇంట్లో ఎవరూ వాటిని వాడకూడదని కట్టడి. అవన్నీ మామగారివే. ఆయన ప్రయాణానికి ముందు తన చేతులతో ఆయన చేతుల్లో పెట్టాలి. ఆ నెలంతా అతని బుర్రలో అదొక్కటే ఉంది.

నెల గడిచింది. ఒకరోజు పొద్దున మెకానిక్ నిద్ర లేచేసరికి మామగారు స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. బీరువా మీద ఒక ముక్క ఖాళీ.

"ఆగలేకపోయానండీ. ఒకటి తీసుకున్నా. అబ్బ, ఏం నురగండీ! నా షాపులో కూడా అంత నురగ చూళ్లేదు."

మెకానిక్‌కు ఆ పూట కాళ్లు నేల మీద నిలవలేదు. నాలుకపరీక్ష గుర్తుకు రాకపోలేదు. వాడినాయనే బాగుందంటుంటే మధ్యలో నాలుకెందుకనుకున్నాడు.

ఆ తర్వాత రోజూ ఆ సబ్బే. సబ్బు అరిగిపోతోంది, మామగారు దాన్ని మెచ్చుకుంటూనే ఉన్నాడు, గుడ్డపీలికలు మాత్రం రెండు వేళ్ల నుంచి నాలుగు వేళ్లకు పాకాయి. అడిగితే, "గాలి పొడిగా ఉందండీ" అన్నాడు. ఇంకోసారి అడిగితే నీళ్లు నమిలి, మాట మార్చి, ప్రయాణం గురించి మొదలుపెట్టాడు.

చివరికి తెలిసింది ఒక టమాటా వల్ల. మెకానిక్ కత్తి పట్టడం సాధన చేస్తూ వేలు గీరుకున్నాడు. కడుక్కోవడానికి కుళాయి దగ్గరికెళ్తే ఎదురుగా ఆ సబ్బే కనిపించింది. రుద్దాడు. వేలు భగ్గుమంది. గాయం కదా మండదా అనుకుని కడిగేసి రెండడుగులు వేశాడు. ఏదో అనుమానమొచ్చి వెనక్కి వచ్చాడు. తడివేలితో సబ్బు రుద్ది నాలుకకు తాకించాడు.

చిన్న బ్యాటరీ కొనలు రెండూ నాలుకకు తగిలినట్టు చురుక్కుమంది.

 కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పగుళ్లు మానాలని చేసిన సబ్బు. దాన్ని ఆ పగుళ్ల మీదే రోజూ రెండుపూటలా రుద్దుకుంటూ, బయటికొచ్చి నవ్వుతూ, "ఏం నురగండీ" అన్నాడు ఆ ముసలాయన.

మామగారు వంటగదిలో గిన్నెలు తుడుస్తున్నాడు. మెకానిక్ వెళ్లి ఆయన చేతిలో గుడ్డ లాగేశాడు. గుడ్డపీలికలు విప్పాడు. లోపల వేళ్లు చూసేసరికి కోపమొచ్చింది.

"మండుతోందని చెప్పడానికి నోరు లేదా మావయ్యా మీకు?"

అంతగట్టిగా ఆయన మీద ఎప్పుడూ అరవలేదు. ఆయన తలుపు గడియకేసి చూశాడు, నేలకేసి చూశాడు.

"చురుక్కుమంటున్నమాట నిజమేనండీ."

"మరి?"

"ఆ చేతులు బాగుపడ్డాక చేసిన మొదటి వస్తువండీ అది. ఎంత తిప్పారు! నేను చూస్తూనే ఉన్నా కదా. బాగాలేదంటే మళ్లీ గరిటె పట్టుకుంటారో పట్టుకోరో అని భయమేసింది. నా చేతులదేముంది? నాలుగు రోజులు మండి ఊరుకుంటాయి."

"ఇదేం న్యాయం మావయ్యా..."

"న్యాయం కాదండీ, బాకీ. వినండి." ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "నేను కత్తి పట్టిన మొదటిరోజు కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. నా చెయ్యి వణికి గడ్డం మీద మూడుచోట్ల తెగింది. రక్తం కారుతోంది. మా మేస్త్రీ నన్ను కొట్టడానికి చెయ్యెత్తాడు. ఆ పెద్దాయన అద్దం అడిగి తీసుకున్నాడు. ఇటు చూసుకున్నాడు, అటు చూసుకున్నాడు. 'బాగుందిరా, మళ్లీ వస్తా' అన్నాడు. వచ్చాడండీ. నా దగ్గరికే వచ్చాడు. ఆ మాట లేకపోతే మర్నాడు నేను కత్తి ముట్టేవాణ్ణి కాదు. షాపూ లేదు, నా పిల్లలకు తిండీ లేదు. ఆయనకు నేను తిరిగి ఏమిచ్చానండీ? ఏమీ ఇవ్వలేదు. ఆయనకు ఇవ్వలేనిది ఇంకెవరికైనా ఇవ్వాలి కదా."

మెకానిక్ ఆ పగిలిన చేతుల్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏడ్చాడు కూడా. ఇందులో దాచడానికేముంది? తనకు అందరూ దూరంగా నిలబడి ధైర్యం చెప్పారు. ఈయన ఒక్కడు తన చేతులు మండుతున్నా చెప్పకుండా ధైర్యం చెప్పాడు. తల్లీతండ్రీ ఇంతకంటే చేస్తారా అనిపించింది.

సబ్బులక్క ప్రదర్శన నుంచి వచ్చి ఎన్నాళ్లో అయింది. ఎలా కుదిరిందని అడిగిన ప్రతిసారీ బ్రహ్మాండమని చెప్పి పంపేసిన వీరుడు, ఇప్పుడు ముక్కలన్నీ పళ్లెంలో పెట్టుకుని, తల వేలాడేసుకుని మెట్లెక్కాడు. ఆమె ఒక ముక్కను నాలుకకు తాకించి మొహం చిట్లించింది.

"కాస్టిక్ మిగిలిపోయింది. నూనె ఎంత తూచావు?"

"తూచడమేంటక్కా? కొలిచా. గీతకు గీత. లీటరు."

ఆమె నుదురు కొట్టుకుంది. "లీటరా! నేను చెప్పింది కిలో కదయ్యా! నూనె నీళ్ల మీద ఎందుకు తేలుతుంది? తేలిక కాబట్టి. లీటరు నూనె కిలో తూగదు. లారీ ఇంజన్‌లో పోసినట్టు పోశావా?"

"ఇంజన్‌లో ఇంకా తక్కువ జాగ్రత్తగా పోస్తా" అన్నాడు దీనంగా.

ఆమెకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి, అతని మొహం చూసి ఆపుకుంది. "పారెయ్యకు. సబ్బు చెడిపోదు. తురిమి, తక్కువ పడిన నూనె ఇంకాస్త కలిపి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఉడికించు. గట్టిపడ్డాక నాలుగు రోజులు ఆరితే చాలు."

మామగారి ప్రయాణం ఆ వారంలోనే. అందుకని ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. తురమడం తిప్పడం కంటే కష్టం. ముక్కను పిడికిట్లో బిగించి పట్టాలి. ఆస్పత్రివాళ్లు చెప్పిన బిగింపు అదే. మొదటి ముక్క రెండుసార్లు జారి నేలమీద పడింది. మూడోసారి నిలిచింది. భార్య కళ్లద్దాలు, తొడుగులు పట్టుకుని వెనకే తిరిగింది. ఈసారి ఇటివ్వండి అనలేదు. మామగారిని మాత్రం ఇద్దరూ కలిసి కుర్చీలో కూర్చోబెట్టారు. ఏదీ ముట్టుకోకూడదు. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏం చేయాలో తెలియక, మీసం పొట్టిదైన పెళ్లికొడుకు కథ మళ్లీ చెప్పాడు. ఈసారి మీసం రెండువైపులా పోయింది.

నూనెను త్రాసులోనే తూచారు. సబ్బులక్క త్రాసుకు ఆగేంత, కొంచెం కొంచెంగా. తురుము కరిగి, చిక్కబడి, జావలా అయింది. దాన్ని అచ్చులోకి ఒత్తారు. ఈసారి సబ్బు మొదటిదంత అందంగా రాలేదు. పైన గుంటలు, అంచులు వంకర. గతుకుల రోడ్డులా ఉందని భార్య అంటే, లారీ మెకానిక్ చేసిన సబ్బు అలాగే ఉంటుందన్నాడు.

ప్రయాణం రోజు పొద్దున మెకానిక్ అందరికంటే ముందు లేచాడు. సబ్బుముక్కను తడివేలితో రుద్ది నాలుకకు తాకించాడు. ఏమీ లేదు. ఒట్టి సబ్బు రుచి, అంతే. నమ్మకం కుదరక రెండోసారి తాకించాడు. నిద్రలేపి భార్య నాలుకకూ తాకించి చీవాట్లు తిన్నాడు. నీళ్లు కాచాడు. స్నానాలగదిలో స్టూలు వేశాడు.

"రండి మావయ్యా."

"నేను చేసుకుంటానండీ. అల్లుడుగారితో నీళ్లు పోయించుకోవడమేంటి, ఎవరైనా వింటే..."

"నేను గోడకేసి చూస్తున్నా లెండి. కూర్చోండి."

తన మాట తనకే తిరిగొచ్చేసరికి ఆయన వచ్చి కూర్చున్నాడు. మెకానిక్ మగ్గు ఎత్తాడు. నిండు మగ్గు బరువు మణికట్టుకు తెలిసింది గానీ చేయి వణకలేదు. సన్నటి వీపు, పైకి పొడుచుకొచ్చిన భుజాల ఎముకలు. ఇన్నాళ్లూ తనను లేపి కూర్చోబెట్టిన భుజాలు ఇంత చిన్నవా అనుకున్నాడు.

"చెయ్యెత్తండి. ఇంకాస్త. వేడి సరిపోయిందా?"

చివరగా చేతులు. సబ్బును తన అరచేతుల్లో నురగ తీసి, ఆయన వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని కడిగాడు. పగుళ్ల దగ్గర మరీ మెల్లగా. ఒకప్పుడు చెంచా నిలవని తన వేళ్ల మధ్య ఆ ముసలి వేళ్లు జారకుండా నిలిచాయి.

"మండుతోందా మావయ్యా?"

"లేదండీ."

"నిజం చెప్పండి. ఈసారి అబద్ధమాడితే ఊరుకోను."

 మామగారు తల వంచుకున్నాడు. నీళ్లు కారుతున్న మొహంలో ఏవి నీళ్లో ఏవి కావో తెలియలేదు. మెకానిక్ తువ్వాలు కప్పి, తల తుడిచి, దువ్వి, గూట్లో ఉన్న చేతి అద్దం తీసి ముందోసారి పట్టాడు, వెనకోసారి పట్టాడు.

ఆయన అద్దంలోకి చూడలేదు. తన చేతులు రెండూ వెలుతురుకేసి పెట్టి ఇటు తిప్పి చూసుకున్నాడు, అటు తిప్పి చూసుకున్నాడు. పెళ్లినాటి నుంచి ఒక్కసారి కూడా మరవని 'గారు'ను ఆ పూట మరిచిపోయాడు.

"బాగుందిరా నాన్నా. మళ్లీ వస్తా."